స్ట్రాంగ్‌బో దుర్మార్గుడేనా?

కార్లోలో బారో నది ఒడ్డున శిథిలమైన కోట ఉన్నది. దానిని 13వ శతాబ్దం తొలినాళ్ళలో కట్టించాడని చెప్పే విలియం మార్షల్, స్ట్రాంగ్‌బో అల్లుడు. స్ట్రాంగ్‌బో అసలు పేరు రిచర్డ్ డి క్లేర్. ఐర్లండులో పరాయి పాలనకు దారి తీసినవాడని ఇక్కడివారు అతనిని నిందిస్తారు.

1166లో రాజ్యం పోగొట్టుకున్న లెన్‌స్టర్ రాజు డర్మట్, వేల్స్‌లో ఉన్న ఈ నార్మన్ ప్రభువు సాయం కోరాడు. కూతురు ఈఫానూ, తన తరువాత రాజ్యాన్నీ ఇస్తానన్నాడు. 1170 ఆగస్టులో స్ట్రాంగ్‌బో వాటర్‌ఫర్డ్‌ను పట్టుకున్నాడు. ఎందరో పౌరులు హతులైనారు. ఆ ఊరిలోనే పెళ్ళి జరిగింది. 1171లో మామ మరణించాడు. అల్లుని బలం చూసి కలవరపడిన ఇంగ్లండు రాజు రెండవ హెన్రీ, అదే ఏడు సైన్యంతో దిగాడు. స్ట్రాంగ్‌బో డబ్లిన్‌ను అతనికి అప్పగించి, లెన్‌స్టర్‌కు సామంతుడై, 1176లో కన్నుమూశాడు.

మన శ్రీకృష్ణదేవరాయలూ కళింగాన్ని ఓడించి గజపతి కుమార్తెను వివాహమాడాడు. మనం కీర్తిస్తాము, ఓడినవారి ఇంట కథ వేరు.

స్ట్రాంగ్‌బో పిలవని పేరంటానికి రాలేదు. తరువాతి శతాబ్దాల పాలనంతా అతని నెత్తిన రుద్దడం న్యాయం కాదు. అయితే పిలిచినవాడు రాజు, చచ్చినవారు ప్రజలు. వాటర్‌ఫర్డ్ నెత్తురు మాత్రం అతని ఖాతాలోనిదే.