మెడిచి వంశపు కడపటి రాకుమారి

ఇటలీ దేశమందలి ఫ్లారెన్సు నగరమున, ఆర్నో నదికి దక్షిణపు గట్టున, మోటు రాళ్లతో కట్టిన మహాసౌధ మొకటి కలదు. ధనికుడైన లూకా పిట్టీ 15వ శతాబ్దమున దానిని కట్టింప మొదలిడుటచే అది పిట్టీ సౌధమని పేరొందెను. 1549లో ఆ నగరము నేలుచున్న మెడిచి ప్రభువు భార్య ఎలియొనోరా దానిని కొనెను. అటుపిమ్మట ఆ వంశమువారు తరతరములుగా చేర్చిన చిత్రపటములతోను, శిలావిగ్రహములతోను, రత్నములతోను ఆ సౌధమును, నది కావలి గట్టున నున్న ఊఫీజి భవనమును నిండిపోయెను. ఈ నిధి చెదరిపోక నిలిచినది ముఖ్యముగా ఒక వితంతువు దూరదృష్టి వలన. ఆమె చరిత్రమును మన విద్యార్థులకు సంగ్రహముగా దెలుపగోరుచున్నాము.

అన్నా మరియా లూయిజా 1667వ సంవత్సరము ఆగస్టు 11వ తేదీన జన్మించెను. తండ్రి మూడవ కోజిమో. తల్లి ఫ్రెంచి రాజవంశమునకు చెందినది. భార్యాభర్తలకు పొసగలేదు. బిడ్డకు ఎనిమిదేండ్లు నిండకమునుపే, 1675లో, తల్లి ఫ్రాన్సునకు వెడలిపోయి మరల రాలేదు. నాయనమ్మ విత్తోరియా ఆమెను పెంచెను. ఈ విత్తోరియా ఊర్బీనో ప్రభువుల వారసురాలు. ఆమె వారసత్వముతోపాటు రాఫెయేలు, టిషియన్ మొదలగువారి పటములనేకము ఊర్బీనోను విడిచి ఫ్లారెన్సు చేరినవి. ఒక ఊరి సొత్తు పెండ్లి వెంటను వారసత్వము వెంటను మరియొక ఊరికి తరలిపోవుట ఆ దినములలో వింత కాదు. ఈ సంగతి చదువరులు జ్ఞాపకముంచుకొనవలెను.

1691లో ఆమె జర్మను ప్రభువైన యోహాన్ విల్‌హెల్మును వివాహమాడి డుస్సెల్‌డార్ఫు నగరమునకు కాపురము వెళ్లెను. ఆ దంపతులకు సంతానము నిలువలేదు. భర్త 1716లో మరణింపగా, మరుసటి ఏట ఆమె పుట్టినింటికి మరలి వచ్చెను.

పుట్టినింటి స్థితియు అంతంత మాత్రముగనే యుండెను. పెద్దయన్న ఫెర్డినాండో బిడ్డలు లేకయే 1713లో చనిపోయెను. కుమారుల తరువాత కుమార్తెయే రాజ్యమేలవలెనని తండ్రి శాసనము చేయించెను గాని, యూరపు రాజులు దానిని లెక్కచేయలేదు. 1723లో తండ్రి గతించి తమ్ముడు జాన్ గాస్తోన్ ప్రభువయ్యెను. తన దుర్భర వివాహమునకు అక్కయే కారణమని అతనికి కోపము. కావున ఆమె నగరము వెలుపల లా క్వియేతె యను భవనమున చాలకాలము నివసించెను. ఇంతలో 1735లో పరరాజులు తమలో తాము ఒడంబడి, టస్కనీ రాజ్యమును లొరేన్ ప్రభువైన ఫ్రాన్సిసుకు పంచియిచ్చిరి. తమ్ముడు 1737 జూలై 9వ తేదీన సంతానహీనుడై మరణించెను.

రాజ్యము పోయెను, వంశపు స్వంత ఆస్తి మాత్రము ఆమెకు దక్కెను. క్రొత్త ప్రభువునకు ఫ్లారెన్సుపై మమకారము లేదు, ధనావసరము మాత్రము మెండు. ఆమె కన్నుమూసిన పిదప ఈ నిధి వియన్నాకు తరలుటయో వేలమున పడుటయో జరుగదని ఎవరు చెప్పగలరు? అప్పటికామెకు డెబ్బదియేండ్లు. ఆ యేడు అక్టోబరు 31వ తేదీన ఆమె ఒక ఒడంబడిక వ్రాయించెను. పటములు, విగ్రహములు, గ్రంథాలయములు, రత్నములు సమస్తమును క్రొత్త ప్రభువునకును అతని వారసులకును ఇచ్చెను. అయితే ఏ వస్తువును రాజధానిని, రాజ్యమును దాటి పోరాదని నిబంధన పెట్టెను. అవి రాజ్యమునకు అలంకారముగను, ప్రజలకు ఉపయోగముగను, పరదేశీయులను ఆకర్షించునవిగను ఉండవలెనని అందు కారణములు చూపెను. ఈ మూడవ కారణమందు ఇల్లు దిద్దుకొను గృహిణి లెక్క మాకు కనబడుచున్నది.

నిబంధన పూర్తిగా చెల్లెనా యన్నచో, లేదు. మెడిచివారి ప్రసిద్ధమైన పసుపు వజ్రము వియన్నా చేరెను. 1799లో ఫ్రెంచి సైనికులు పిట్టీ సౌధమునుండి రాఫెయేలు వ్రాసిన మరియమాత పటమును పారిసునకు గొనిపోయిరి. నెపోలియను పతనమైన పిమ్మటగాని అది తిరిగి రాలేదు. అయినను నిధిలో అధిక భాగము కదలలేదు. ఆమె భర్త డుస్సెల్‌డార్ఫున కూర్చిన రూబెన్సు మున్నగువారి పటముల గతి వేరు. వానికట్టి రక్షణ లేకపోయెను. 1806 నాటికి వానిలో చాలభాగము మ్యూనికు నగరమునకు తరలించిరి. అవి నేటికిని అచ్చటనే యున్నవి.

కడపటి సంవత్సరములు ఆమె పిట్టీ సౌధముననే గడపెను. పూర్వికుల సమాధులున్న సాన్ లొరెంజో దేవాలయపు పనులకు ధనము వెచ్చించెను. 1743 ఫిబ్రవరి 18వ తేదీన మరణించి అచ్చటనే సమాధి చేయబడెను. 1769లో ఫ్రాన్సిసు కుమారుడు పీటరు లియోపోల్డు ఊఫీజి తలుపులు ప్రజలకు తెరపించెను. పిట్టీ సౌధము 1919లో ఇటలీ జాతి సొత్తయ్యెను.