పర్లాకిమిడి పంతులుగారు – గిడుగు వేంకట రామమూర్తి

ఇంటిలో ఒక భాష, వీధిలో మరొక భాష వినిపించే ఊళ్ళలో ఉపాధ్యాయుని బాధ్యత రెట్టింపవుతుంది. విజయనగర రాజుల కాలంనుండి, నాయకరాజుల కాలంనుండి మధుర, కోయంబత్తూరు సీమలలో స్థిరపడిన తెలుగు కుటుంబాలవారికి ఇది అనుభవంలో ఉన్న సంగతే. పోదనూరులోని తెలుగు పిల్లవాడు ఇంట తెలుగులో మాటలు నేర్చి, గడప దాటగానే తమిళం వింటాడు. తెలుగుదేశానికి ఉత్తరపు కొసన ఉన్న పర్లాకిమిడి కూడ ఇటువంటి ఊరే. మహేంద్రతనయ నది ఒడ్డున ఉన్న ఆ జమీందారీ పట్టణంలో తెలుగు, ఒడియా భాషలు పక్కపక్కన వినిపించేవి. చుట్టుపక్కల కొండలలో సవరలు తమ భాష మాట్లాడుకొనేవారు. ఆ ఊరికి కొత్త ఉపాధ్యాయుడుగా వచ్చి, దానినే సొంత ఊరుగా చేసుకొని, అక్కడి పిల్లల నాలుకపై ఉన్న భాషలనే తన జీవిత విద్యగా మలచుకొన్న మహనీయుడు శ్రీ గిడుగు వేంకట రామమూర్తి పంతులుగారు.

రామమూర్తిగారు 1863 ఆగస్టు 29న శ్రీముఖలింగ క్షేత్రానికి సమీపాన, వంశధారా తీరంలోని పర్వతాలపేటలో జన్మించారు. తండ్రి వీర్రాజుగారు రెవెన్యూ ఉద్యోగి. ఆయన చోడవరానికి బదిలీ అయి, అక్కడే 1875లో విషజ్వరంతో కన్నుమూశారు. పన్నెండేళ్ళ బాలుడు మేనమామగారి ప్రాపున విజయనగరం మహారాజావారి ఇంగ్లీషు పాఠశాలలో చదువు సాగించాడు. అక్కడ గురజాడ అప్పారావుగారు ఆయనకు సహాధ్యాయి. 1879లో మెట్రిక్యులేషను పరీక్షలో కృతార్థులయ్యారు. వివాహమూ ఆ సంవత్సరమే జరిగింది. పైచదువులపై మనసు ఎంత ఉన్నా, తల్లిని, చెల్లెళ్ళను పోషించవలసిన భారం మీద పడింది. 1880లో నెలకు ముప్ఫయి రూపాయల జీతంమీద పర్లాకిమిడి రాజావారి పాఠశాలలో మొదటి ఫారానికి ఉపాధ్యాయులుగా చేరారు. అప్పటికి ఆయన వయస్సు పదిహేడేళ్ళు.

కొత్త ఊరు, కొత్త బడి, చిన్న జీతం, పెద్ద సంసారం. ఆ పరిస్థితిలో పాఠం అప్పజెప్పించి ఇంటికి వెళ్ళిపోయినా తప్పుపట్టేవారు లేరు. రామమూర్తిగారు అలా సరిపెట్టుకోలేదు. పగలు పిల్లలకు పాఠాలు చెబుతూ, మిగిలిన వేళలలో తాము విద్యార్థులై, ప్రైవేటుగా చదివి 1886లో ఎఫ్.ఏ., 1896లో చరిత్ర ప్రధానాంశంగా బి.ఏ. పూర్తిచేశారు. ఉద్యోగంలో ప్రవేశించిన పదహారేళ్ళకు చేతికి వచ్చిన పట్టమది. ఇంతలో రాజావారి పాఠశాల కళాశాలగా పెరిగింది. ఆయనకు ఆ తరగతులకూ బోధించే అర్హత లభించింది. చరిత్ర పాఠాన్ని పుస్తకంతో ముగించడం ఆయనకు తృప్తి నీయలేదు. ముఖలింగం ఆలయాలలోని శాసనాలను స్వయంగా చదవాలని ప్రాచీన లిపులు నేర్చుకొన్నారు.

ఆ ఊరిలో ఆయన చెవిని పట్టి నిలిపినది సవరల మాట. వారి భాష తెలుగుతో గాని, ఒడియాతో గాని చుట్టరికం లేనిది. ముండా భాషా కుటుంబానికి చెందినది. ఆనాటికి దానికి వ్రాత లేదు. గొంతులో చటుక్కున ఆగిపోయే అచ్చులు దానిలో ఉన్నాయి. బయటివారి చెవికి అవి ఒక పట్టాన అందవు. కొండ పిల్లలకు చదువు చెప్పాలంటే వారికి తెలియని భాషలో చెప్పి ప్రయోజనం లేదని రామమూర్తిగారు గ్రహించారు. తెలుగు, సవర రెండూ తెలిసిన ఒక వ్యక్తిని తమ ఇంటిలోనే ఉంచుకొని, ఏళ్ళ తరబడి ఆ భాష అభ్యసించారు. కులాచారాల కట్టుబాట్లు బలంగా ఉన్న ఆ రోజులలో ఒక బ్రాహ్మణ గృహస్థు ఈ పని చేయడం సామాన్యమైన సాహసం కాదు. బడిలో గురువైన ఆయన తమ ఇంట శిష్యులై కూర్చున్నారు.

నేర్చిన విద్యను దాచుకోలేదు. సవర భాషలో వాచకాలు వ్రాశారు. సొంత ధనంతో బడులు పెట్టి, ఉపాధ్యాయులకు తామే జీతాలిచ్చి, సవర పిల్లలకు వారి భాషలోనే చదువు చెప్పించారు. ఈ కృషిని గుర్తించి మద్రాసు ప్రభుత్వం 1913లో ఆయనకు బిరుదు ప్రసాదించింది. అయితే ఈ సేవకు ఆయన పెద్ద మూల్యమే చెల్లించారు. మన్యంలో తిరిగి తిరిగి మలేరియాకు గురయ్యారు. అందుకు వాడిన క్వినైను వలన వినికిడి శక్తి క్షీణించింది. మాటలోని సూక్ష్మధ్వనులను పట్టుకోవడమే తపస్సుగా చేసుకొన్నవారికి చెవులు దూరం కావడం ఎంతటి వెలితి! అయినా పని ఆగలేదు. ఆయన రచించిన సవర వ్యాకరణం 1931లోను, సవర–ఇంగ్లీషు నిఘంటువు 1938లోను ప్రభుత్వ ప్రచురణలుగా వెలువడ్డాయి.

సవర పిల్లల విషయంలో తెలుసుకొన్న సత్యమే ఆయనను తెలుగు పిల్లల వైపు మళ్ళించింది. 1907 ప్రాంతంలో ఉత్తర కోస్తా పాఠశాలల తనిఖీ అధికారిగా వచ్చిన జె.ఏ. యేట్సు దొరకు ఒక సందేహం కలిగింది. తెలుగువారు మాట్లాడే భాషకు, పుస్తకాలలో చదివే భాషకు ఇంత దూరమెందుకు? విశాఖపట్నం కళాశాలాధ్యక్షులు పి.టి. శ్రీనివాస అయ్యంగారి ద్వారా ఆ ప్రశ్న గిడుగు, గురజాడల వద్దకు చేరింది. తెలుగు పిల్లవాడు సైతం తన భాషనే పరభాషవలె వల్లె వేయవలసి వస్తున్నదని రామమూర్తిగారు గమనించారు. అక్కడినుండి వ్యావహారిక భాషోద్యమం ఆయన ఊపిరి అయింది. 1911లో ఉద్యోగ విరమణ చేసిన తరువాత ఊరూరా తిరిగి ఉపన్యసించారు. గ్రాంథిక వాదులైన పండితుల రచనలలోనే వ్యాకరణ విరుద్ధమైన ప్రయోగాలను ఏరి చూపారు. 1919లో ‘తెలుగు’ పత్రికను స్థాపించారు. ఒకప్పుడు గ్రాంథికాన్నే సమర్థించిన కందుకూరి వీరేశలింగం పంతులుగారు కూడ తమ చివరి రోజులలో ఈ పక్షానికి వచ్చారు. ప్రభుత్వ, విశ్వవిద్యాలయ వర్గాలలో నాడు ఎదురైన ఓటములు రామమూర్తిగారిని వెనుకకు మరల్చలేకపోయాయి. నేడు పాఠ్యపుస్తకాలలో, పత్రికలలో చదువుతున్న తెలుగు ఆయన కోరిన తెలుగే.

వార్ధక్యంలో ఆయనకు మరొక పరీక్ష ఎదురయింది. ఒరిస్సా రాష్ట్ర నిర్మాణ సమయంలో పర్లాకిమిడిని అందులో చేర్చరాదని ఆయన తెలుగువారి పక్షాన నిలిచి పోరాడారు. ఆ ప్రయత్నం ఫలించలేదు. 1936 ఏప్రిల్ 1న కొత్త రాష్ట్రం ప్రారంభమైన నాటి ఉదయమే, సుమారు ఏబది ఆరేళ్ళు కాపురమున్న ఊరిని, సొంత ఇంటిని విడిచి ఆయన బయలుదేరారు. అప్పటికి ఆయనకు డెబ్బది రెండేళ్ళు. రాజమహేంద్రవరంలో శేషజీవితం గడిపారు. ముప్ఫయి రూపాయల జీతగాడుగా వచ్చిన ఊరిని ఆయన ఎంతగా తనదిగా చేసుకొన్నారో ఆ నిష్క్రమణమే తెలుపుతుంది. 1938లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు ఆయనను ‘కళాప్రపూర్ణ’ బిరుదుతో సత్కరించింది. 1940 జనవరి 22న మద్రాసులో ఆయన పరమపదించారు. ఆయన జన్మదినమైన ఆగస్టు 29 తెలుగు భాషా దినోత్సవంగా జరుపబడుతున్నది.

రాష్ట్రాల సరిహద్దులు మారవచ్చు, గీచిన గీతకు అటో ఇటో మన ఊరు మిగిలిపోవచ్చు. ఆ గీత మన చేతిలో లేదు. పిల్లవాడు ఇంటినుండి తెచ్చుకొన్న మాటను బడి ఆదరించడం మాత్రం ఉపాధ్యాయుని చేతిలో ఉంది. మాతృభాషకోసం సొంత ఇంటినే విడిచిన రామమూర్తిగారు, సవర బాలుని మాతృభాషనూ అంతే భక్తితో నేర్చుకొన్నారు. తన భాషపై అభిమానం పక్కవాని భాషపై గౌరవానికి అడ్డు కాదని ఆ జీవితం చాటుతున్నది. తమిళనాట తెలుగు బడిలో పాఠం చెప్పే ప్రతి గురువుకు, పాఠం నేర్చే ప్రతి బిడ్డకు పర్లాకిమిడి పంతులుగారు విడిచివెళ్ళిన ఆస్తి ఇదే.