వెలగపూడి రామకృష్ణ

వెలగపూడి రామకృష్ణ (1896 - 1968) ఐ.సి.ఎస్. అధికారి, పారిశ్రామికవేత్త, కె.సి.పి. సంస్థ స్థాపకుడు. ఇతని స్వగ్రామం పూర్వపు గుంటూరు జిల్లాలోని బెల్లంవారిపాలెం. చక్కెర తయారీతో మొదలుపెట్టి, చక్కెర మిల్లునే తయారుచేసే దశకు చేరిన కొద్దిమంది భారతీయులలో ఇతడొకడు.

ఉద్యోగ జీవితం

రామకృష్ణ మద్రాసు ప్రభుత్వంలో పరిశ్రమల శాఖ డైరెక్టరుగా పనిచేశాడు. 1932లో చక్కెర పరిశ్రమకు సుంకాల రక్షణ కల్పిస్తూ చట్టం వచ్చింది. ఆ తరువాత దేశంలో మిల్లుల సంఖ్య వేగంగా పెరిగింది. అయితే చక్కెర స్వదేశీ అయింది గాని మిల్లు కాలేదు. బాయిలర్లు, గానుగ రోలర్లు, ఆవిరి యంత్రాలు చాలావరకు ఐరోపా నుండి ఓడలలో రావలసిందే.

ఉయ్యూరు మిల్లు

1941లో ఇతడు కృష్ణా జిల్లా ఉయ్యూరులో సహకార రంగంలోని చక్కెర మిల్లును తీసుకొని కె.సి.పి.ని ప్రారంభించాడు. అది రెండవ ప్రపంచ యుద్ధకాలం. విదేశీ విడిభాగాలు దొరకడం కష్టం. చక్కెర మిల్లుకు ఇది మరీ ప్రమాదకరం. నరికిన చెరకును ఒకటి రెండు రోజులలో గానుగాడించకపోతే అందులోని చక్కెర తగ్గిపోతుంది. ఒక్క రోలరు విరిగి మిల్లు ఆగితే నష్టం యజమానితో ఆగదు, బండ్లు తోలుకొచ్చి వరుసలో నిలిచిన రైతుకూ తగులుతుంది. ఇంధనం విషయంలో మాత్రం చక్కెర మిల్లు అదృష్టవంతురాలు. రసం తీసిన పిప్పినే బాయిలరులో మండించుకుంటుంది.

యంత్రాలు, సిమెంటు

1955లో మద్రాసు సమీపాన తిరువొత్తియూరులో కె.సి.పి. భారీ యంత్రాల కర్మాగారం వెలసింది. చక్కెర, సిమెంటు మిల్లులకు కావలసిన యంత్రాలు అక్కడ తయారయ్యాయి. రామకృష్ణ చేపట్టిన పనులన్నింటిలో ఇదే ముఖ్యమైనదని చెప్పవచ్చు. రెండేళ్లకే, 1957లో, దేశంలో విదేశీ మారకద్రవ్యం కొరతపడి యంత్రాల దిగుమతిపై ఆంక్షలు బిగిశాయి. స్వదేశంలో యంత్రాలు చేయగలిగినవారి విలువ అప్పుడు తెలిసివచ్చింది.

1958లో పల్నాటి సున్నపురాయి ఆధారంగా మాచర్లలో సిమెంటు ఉత్పత్తి మొదలైంది. దేశంలో పొడి పద్ధతి బట్టీని తొలిగా వాడిన కర్మాగారాలలో ఇదొకటి.

అన్నీ తమ చేతిలోనే ఉంచుకోవడం మాత్రం సాధ్యం కాలేదు. చెరకు రైతుది. సున్నపురాయి పక్కనే ఉన్నా బొగ్గు రైలు వ్యాగన్లలో రావాలి. ఈ చిక్కు మాచర్లకే పరిమితం కాదు, మా కడప జిల్లా ఎర్రగుంట్ల ప్రాంతపు సిమెంటు కర్మాగారాలకూ బొగ్గు దూరం నుండే వస్తుంది. పైగా సిమెంటు ధర, పంపిణీ అప్పట్లో ప్రభుత్వ నియంత్రణలో ఉండేవి. 1982లో కొంత, 1989లో పూర్తిగా ఆ నియంత్రణ తొలగింది. అది చూడటానికి రామకృష్ణ లేడు.

తరువాతి కాలం

విజయవాడ సమీపాన కానూరులో 1977లో స్థాపించిన సిద్ధార్థ ఇంజనీరింగు కళాశాలకు తరువాత ఇతని పేరు చేర్చారు. 1995లో సంస్థ విభజన జరిగి, ఉయ్యూరు మిల్లుతో సహా చక్కెర విభాగం వేరొక కంపెనీ అయింది. సిమెంటు, యంత్రాల తయారీ కె.సి.పి. లిమిటెడ్ వద్ద ఉండిపోయాయి.