డాక్టర్లు ఆగమన్న గుండె

అది 1911 ఏప్రిల్. అమెరికాలోని బోస్టన్ మారథాన్‌లో పాల్గొనేవారికి పందేనికి ముందు వైద్య పరీక్షలు చేస్తున్నారు. క్లారెన్స్ డిమార్ అనే 22 ఏళ్ల యువకుడి ఛాతీ మీద స్టెతస్కోప్ పెడితే, మామూలు గుండె చప్పుళ్ల మధ్య మరో శబ్దం వినిపించింది. దీన్నే వైద్యులు ‘మర్మర్’ అంటారు. అలసటగా అనిపిస్తే మధ్యలోనే ఆగిపోవాలనీ, ఆ తర్వాత ఇక పరుగు జోలికి పోవద్దనీ డాక్టర్లు హెచ్చరించారు. అప్పట్లో ఆ పందెం దూరం సుమారు 39 కిలోమీటర్లు. డిమార్ దాన్ని 2 గంటల 21 నిమిషాల 39 సెకన్లలో పూర్తిచేసి కొత్త రికార్డుతో గెలిచారు.

పందెం గెలిచినా, డాక్టర్ల మాట మాత్రం ఆయన మనసులో ఉండిపోయింది.

డిమార్ పుట్టింది 1888 జూన్ 7న, ఒహాయో రాష్ట్రంలో. ఎనిమిదేళ్ల వయసులో తండ్రి పోయాడు. ఇల్లు గడవడానికి ఆ పిల్లాడు సూదులు, దారాలు, సబ్బులు పట్టుకుని ఊరూరా నడిచి అమ్మేవాడు. తర్వాత కుటుంబం మసాచుసెట్స్‌కు మారింది. బోస్టన్ రేవులోని ఒక దీవిలో ఉన్న బడిలో ఆయన చదువు సాగింది. చిన్నప్పుడు ఆటల్లో పెద్దగా రాణించింది లేదు. వెర్మాంట్ విశ్వవిద్యాలయంలో చేరాక, 21వ ఏట మొదటిసారి దూరపు పరుగు జట్టులో స్థానం దొరికింది. తల్లిని పోషించాల్సి రావడంతో ఆ చదువు మధ్యలోనే ఆగిపోయింది. బోస్టన్‌లో ప్రింటింగ్ ప్రెస్‌లో పనికి కుదిరారు.

సాధనకు విడిగా సమయం దొరికేది కాదు. అందుకే పనికి పరుగెత్తుతూ వెళ్లేవారు, పరుగెత్తుతూ ఇంటికి వచ్చేవారు. చెమటతో తడిసిన చొక్కా మార్చుకోవడానికి మరో చొక్కా వెంట ఉండేది. అప్పటి అమెచ్యూర్ నిబంధనల ప్రకారం గెలిచినా డబ్బు రాదు. జీతం ప్రెస్‌లో, పరుగు దారిలో. ఇదే ఆయన దినచర్య.

1912లో స్టాక్‌హోమ్ ఒలింపిక్స్‌కు ఎంపికయ్యారు. అక్కడ కోచ్‌లు పెట్టిన కఠినమైన సాధన తన శరీరానికి సరిపడలేదని ఆయన నమ్మకం. 12వ స్థానంతో తిరిగొచ్చారు. ఆ తర్వాత దాదాపు ఐదేళ్లు మారథాన్‌కు దూరమయ్యారు. గుండె గురించిన భయం ఒక కారణం. పదిమందిని ఓడించి పేరు తెచ్చుకోవడం అహంకారమేమోనన్న మతపరమైన సంకోచం ఇంకొకటి. ఉద్యోగం చేస్తూనే సాయంత్రం తరగతులకు వెళ్లడం మూడోది. 1917లో మళ్లీ బోస్టన్‌లో పరుగెత్తి మూడో స్థానంలో నిలిచారు. అంతలో మొదటి ప్రపంచ యుద్ధం వచ్చింది, సైన్యంలో చేరారు.

1922 నాటికి ఆయనకు 33 ఏళ్లు. మొదటి గెలుపు దాటి 11 ఏళ్లయింది. అందరూ ఆయన కథ ముగిసిందనుకునే వయసు. ఆ ఏడాది బోస్టన్‌లో గెలిచారు. 1923, 1924ల్లో కూడా ఆయనే విజేత. 1924లోనే పారిస్ ఒలింపిక్స్ మారథాన్‌లో కాంస్య పతకం వచ్చింది. 1927, 1928ల్లో మళ్లీ గెలిచారు. చివరిగా 1930లో, 41 ఏళ్ల వయసులో ఏడోసారి గెలిచారు. పురుషుల పరుగులో అంత పెద్ద వయసులో బోస్టన్ మారథాన్ గెలిచినవారు నేటికీ మరొకరు లేరు. గమనించండి, ఈ ఏడు విజయాలూ డాక్టర్లు వద్దన్న తర్వాత వచ్చినవే.

మరి ఆ డాక్టర్లు పొరబడ్డారా? వాళ్ల చేతిలో ఉన్నది స్టెతస్కోప్ ఒక్కటే. ఎకో పరీక్ష రావడానికి ఇంకా 40 ఏళ్లకు పైగా పడుతుంది. ఎక్కువ శ్రమ గుండెను పాడుచేస్తుందన్న అభిప్రాయం అప్పుడు బలంగా ఉండేది. రక్తం వేగంగా ప్రవహించడం వల్ల ఆరోగ్యవంతుల్లో, ముఖ్యంగా క్రీడాకారుల్లో, హాని చేయని మర్మర్ వినిపించవచ్చని ఇప్పుడు మనకు తెలుసు. అయితే కవాటాల జబ్బులోనూ మర్మర్ ఉంటుంది. రెండింటినీ తేల్చి చెప్పేది ఎకో.

తర్వాతి కాలంలో హార్వర్డ్ శాస్త్రవేత్తలు డిమార్‌ను ట్రెడ్‌మిల్ మీద పరుగెత్తించి రక్తం పరీక్షించారు. మామూలు మనుషులతో పోలిస్తే ఆయన రక్తంలో లాక్టిక్ ఆమ్లం చాలా తక్కువగా పేరుకునేది. న్యూహాంప్‌షైర్‌లోని కీన్ పట్టణంలో పాఠాలు చెబుతూ, ఐదుగురు పిల్లల్ని పెంచుతూ కూడా ఆయన పరుగు మానలేదు. చివరి బోస్టన్ మారథాన్ 1954లో, 65 ఏళ్ల వయసులో. 1957లో, క్యాన్సర్‌తో బాధపడుతూనే 15 కిలోమీటర్ల పందెంలో పాల్గొన్నారు. 1958 జూన్ 11న, 70 ఏళ్లు నిండిన నాలుగు రోజులకు, ఆ క్యాన్సర్‌తోనే కన్నుమూశారు.

ఆయన గుండెను మరణానంతరం పరీక్షించి, 1961లో ‘న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్’లో వివరాలు ప్రచురించినవారు డాక్టర్ కరెన్స్, డాక్టర్ పాల్ డడ్లీ వైట్. అధ్యక్షుడు ఐసెన్‌హోవర్‌కు గుండెపోటు వచ్చినప్పుడు వైద్యం చేసింది ఈ వైటే. డిమార్ గుండెకు రక్తం అందించే కరోనరీ ధమనులు మామూలు కంటే రెండు మూడు రెట్లు వెడల్పుగా ఉన్నాయి. వాటి గోడల్లో కొవ్వు కొంత పేరుకుంది. కానీ దారి విశాలం కావడంతో రక్త ప్రవాహానికి అది అడ్డం కాలేదు. ఇది ఒక్క మనిషి గుండె. అందరికీ ఇలాగే ఉంటుందని చెప్పలేం. అయినా ఒక విషయం స్పష్టం. పరుగెత్తేవారికి కొవ్వు పేరుకోదనుకోవద్దు. పరుగుతో పాటు బీపీ, షుగర్, కొలెస్ట్రాల్ పరీక్షలూ ఉండాలి.

డిమార్ జీవితం చదివి డాక్టర్ మాట పట్టించుకోనక్కర్లేదనుకుంటే పొరపాటు. ఆయన చేయించుకోలేని పరీక్షలు నేడు జిల్లా ఆస్పత్రుల్లోనూ దొరుకుతున్నాయి. ఎప్పుడో ఎవరో గుండెలో శబ్దం ఉందన్నారని ఏళ్ల తరబడి భయంతో కూర్చోవద్దు, ఎకో చేయించుకుని తేల్చుకోండి. పరుగెత్తేటప్పుడు ఛాతీలో నొప్పి, కళ్లు తిరిగి పడిపోవడం, ఎప్పుడూ లేనంత ఆయాసం ఉంటే మాత్రం వెంటనే ఆపి డాక్టర్‌ను కలవాలి. చిన్న వయసులోనే గుండె జబ్బుతో హఠాత్తుగా పోయినవారు ఇంట్లో ఉంటే సాధన మొదలుపెట్టే ముందే చూపించుకోవాలి. జ్వరం ఉన్నప్పుడు పరుగు వద్దు. కొన్ని వైరల్ జ్వరాల్లో గుండె కండరం కూడా వాస్తుంది. తగ్గాక కొన్ని రోజులు నడిచి, శరీరం కుదుటపడ్డాక నెమ్మదిగా వేగం పెంచండి.

అలా ఆగినందుకు బాధపడాల్సిన పని లేదు. డిమార్ ఒకసారి ఐదేళ్లు ఆగారు, గెలుపు కోసం 11 ఏళ్లు ఎదురుచూశారు. ఏడు విజయాల్లో ఆరు ఆ తర్వాతవే. కీన్ పట్టణంలో ఆయన పేరిట ఇప్పటికీ మారథాన్ జరుగుతోంది.