మహాత్ముని విలాయతి విద్యాభ్యాసము

మహాత్మా గాంధీగారి చరిత్రలో లోకప్రసిద్ధములగు ఘట్టములు పెక్కులు కలవు. మేము వాని జోలికి పోవుట లేదు. ఒక కులసభతో మొదలై కులము వాకిటనే ముగిసిన వారి విద్యార్థిదశను మాత్రమే, కులసభకు విచ్చేసిన సోదరులు చదువదగినదని యెంచి, యిచట వ్రాయుచున్నాము.

1869వ సంవత్సరమున పోరుబందరున జన్మించిన గాంధీగారు పదునారేండ్ల ప్రాయముననే తండ్రిని గోల్పోయిరి. సీమకు బోయి బారిష్టరు కమ్మని కుటుంబమిత్రు డొకరు సలహా చెప్పగా తల్లి పుత్లీబాయి మిగుల భయపడెను. మద్యమును, మాంసమును, పరస్త్రీని ముట్టనని బేచర్జీస్వామి యను జైనసాధువు నెదుట కుమారుడు ప్రమాణము చేసిన పిమ్మటగాని యామె సెలవీయలేదు.

తల్లి యనుమతించినను కుల మనుమతింపలేదు. బొంబాయిలోని మోఢవణిజుల పెద్దలు సభ చేసి, సముద్రయానము మతవిరుద్ధమని శాసించిరి. పదునెనిమిదేండ్ల గాంధీగారు నిండుసభలో నిలిచి, తాము ప్రయాణము మానజాలమని వినయముగనే విన్నవించిరి. వెంటనే వెలివేసిరి. వారికి సాయపడినవారికిని, రేవునకు సాగనంపబోయిన వారికిని రూపాయి నాలుగణాల జరిమానా విధించిరి. ప్రయాణపు సొమ్మును దాచియుంచిన దగ్గర చుట్టము సయితము వెలికి జంకి పైకమీయ నిరాకరించెను. ఒక మిత్రునియొద్ద అప్పు పుచ్చుకొని, భార్యను, నెలల బిడ్డను ఇంట విడిచి, 1888వ సంవత్సరము సెప్టెంబరు 4వ తేదిని గాంధీగారు ఓడ నెక్కిరి.

లండనులో ఉప్పుకారము లేని కూరలతో కడుపు నిండలేదు. రాత్రులు తల్లిని దలచి కన్నీరు విడిచెడివారు. ఫారింగ్డన్ వీథిలో శాకాహారపు భోజనశాల కంటబడిన నాడుగాని తృప్తిగా భుజింపలేదు. కొన్నాళ్లకు దొరవేషముపై మోజు గలిగినది. 10 పౌనుల దుస్తులు, 19 షిల్లింగుల టోపీ, నృత్యము, ఫిడేలు, ఉపన్యాసకళ! ఈ వెఱ్ఱి మూడుమాసములు సాగెను. తాము సీమలో స్థిరపడువారము కామనియు, విద్యార్థులమే యనియు స్ఫురింపగా పాఠములు మానిరి. ఒంటిగదిలో స్వయముగా వంట చేసికొనుచు, దినమునకు ఎనిమిది పది మైళ్లు నడచుచు, తపాలాబిళ్లల వ్యయముతోసహా పద్దు వ్రాసికొని, నిల్వ సరిచూచుకొనిగాని నిద్రించెడివారు కారు. లండను మెట్రిక్యులేషనులో లాటినుభాష మొదట తప్పి, 1890లో కృతార్థులైరి.

రెండవయేట దివ్యజ్ఞానసమాజపు మిత్రు లిద్దరు ఆర్నాల్డు ఆంగ్లగీతను కలిసి చదువుదమని పిలిచిరి. గీతను మూలమునగాని మాతృభాషనగాని చదివియుండనందులకు గాంధీగారు సిగ్గుపడిరి. పాఠశాలలో సంస్కృతము కష్టమని పారసీక తరగతిలో జేరబోగా కృష్ణశంకర పండ్యాగారు పిలిచి నచ్చజెప్పియుండనిచో ఆపాటి సంస్కృతమైనను అబ్బకపోయెడిది. సంస్కృతమునే నమ్ముకొని యేండ్లు గడపిన బడిపంతులము గనుక ఈ మాట వ్రాయక మానలేకపోతిమి.

అన్నిటికంటె గొప్పపాఠము వేఱొకటి. ఆ కాలమున సీమకేగిన మన విద్యార్థులు కొందఱు, అచ్చట బాల్యవివాహము లేకుండుట జూచి, తాము వివాహితులమను మాట దాచుచుండిరి. గాంధీగారును దాచిరి. బ్రైటనులో పరిచయమైన యొక వృద్ధవితంతువు ప్రతి యాదివారము భోజనమునకు పిలిచి, యొక కన్యతో మాటలాడ నవకాశము కల్పించుచుండెను. ఆమె తలంపు గ్రహింపగానే గాంధీగారు భయపడిరి. బాల్యముననే పెండ్లియైనదనియు, బిడ్డడు గలడనియు, దాచుట తప్పనియు, ఇకపై పిలువకున్నను బాధపడననియు, ఎన్నిసారులో దిద్ది, ఆమెకు జాబు వ్రాసిరి. ఆమెయు ఆ కన్యయు కడుపార నవ్వుకొని మరల భోజనమునకు పిలిచిరి. నాటినుండి ఆ మాట నెవ్వరికడను దాచలేదు.

1891వ సంవత్సరము జూను 10వ తేదిని బారిష్టరై, 12వ తేదిని ఓడ నెక్కిరి. తల్లి గతించిన వార్త బొంబాయిలో దిగినపిమ్మట అన్నగారు తెలిపిరి. ఆ యన్నగారి కోరికపై నాసికలో స్నానము చేసి, రాజకోటలో కులమువారికి విందొసగిరి. కులములో ఒకపక్షము చేర్చుకొనెను. రెండవపక్షము వెలి తీయలేదు. అప్పటి కట్టుబాటు ననుసరించి అత్తవారైనను, తోబుట్టువైనను వారికి మంచినీరీయరాదు. చాటుగ నిచ్చుటకు వారందఱు సిద్ధమే. పదిమంది యెదుట చేయరాని పనిని చాటున చేయజాలక గాంధీగారు ఆ యిండ్ల నీరు ముట్టలేదు. కులమును నిందింపలేదు, చేర్చుకొమ్మని వేడలేదు. వెలివేసిన పక్షములోనివారే పెక్కుమంది, తరువాతికాలమున వారు కులమున కేమియు చేయవలెనని కోరకయే, వారి కార్యములకు తోడ్పడిరి.