పరిణామ సిద్ధాంతపు రెండో రూపకర్త: ఆల్ఫ్రెడ్ రస్సెల్ వాలెస్

జీవ పరిణామం అనగానే చార్లెస్ డార్విన్ పేరే స్ఫురిస్తుంది. కానీ ప్రకృతి వరణ సిద్ధాంతం తొలిసారి విద్వత్సభ ముందుకు వచ్చినప్పుడు దానికి కర్తలు ఇద్దరు. రెండోవారు ఆల్ఫ్రెడ్ రస్సెల్ వాలెస్.

1823 జనవరి 8న వేల్స్‌లోని అస్క్ పట్టణ సమీపంలో వాలెస్ జన్మించారు. ఇంటి పేదరికం వల్ల పద్నాలుగో ఏటికే చదువు ఆగింది. అన్న వద్ద భూముల సర్వే నేర్చుకుంటూ, పొలాల వెంట మొక్కలను పరిశీలించడం అలవరచుకున్నారు. 1848లో మిత్రుడు హెన్రీ బేట్స్‌తో కలిసి అమెజాన్ అడవులకు వెళ్లారు. సేకరించిన నమూనాల అమ్మకమే ఆయనకు జీవనాధారం. 1852లో తిరుగు ప్రయాణంలో నడిసముద్రంలో ఓడ తగలబడి, వెంట తెస్తున్న సేకరణంతా దాదాపుగా బూడిదైంది. పది రోజులు చిన్న పడవలో గడిపి ప్రాణాలు దక్కించుకున్నారు.

అయినా వెనుకంజ వేయలేదు. 1854 నుంచి ఎనిమిదేళ్లు నేటి మలేసియా, ఇండోనేసియా దీవుల్లో సంచరించి, అలీ అనే స్థానిక యువకుడి సాయంతో లక్షా పాతిక వేలకు పైగా నమూనాలు సేకరించారు. బాలి, లాంబాక్ దీవుల మధ్య ఉన్నది ఒక జలసంధి మాత్రమే. అయినా ఇవతల ఆసియా పక్షులు, అవతల ఆస్ట్రేలియా తరహా పక్షులు అధికంగా కనిపించాయి. ఆ సరిహద్దే నేడు వాలెస్ రేఖగా ప్రసిద్ధి పొందింది.

1858లో అక్కడే చలిజ్వరంతో బాధపడుతుండగా, జనాభా పెరుగుదలకు కరవులు, వ్యాధులు అడ్డుకట్ట వేస్తాయన్న మాల్థస్ వాదం ఆయనకు గుర్తుకు వచ్చింది. ఏ జీవిలోనైనా పుట్టినవన్నీ బతకవు. పరిసరాలకు తగిన లక్షణాలున్నవే అధికంగా మిగులుతాయి. ఆ లక్షణాలు సంతానానికి సంక్రమించి, తరతరాలకు కొత్త జాతులు రూపొందుతాయి. ఈ ఆలోచనను వ్యాసంగా రాసి డార్విన్‌కు పంపారు.

ఇరవై ఏళ్లుగా అదే సిద్ధాంతంపై కృషి చేస్తూ, ఇంకా ప్రచురించని డార్విన్ నిర్ఘాంతపోయారు. మిత్రులు లయెల్, హుకర్‌ల చొరవతో 1858 జూలై 1న లండన్‌లోని లినేయన్ సొసైటీలో ఇద్దరి రచనలూ చదివారు. దూరదేశంలో ఉన్న వాలెస్ అనుమతి ఎవరూ కోరలేదు. మరుసటి ఏడాది డార్విన్ గ్రంథం వెలువడి, కీర్తి అంతా ఆయనకే దక్కింది.

వాలెస్ నొచ్చుకోలేదు. 1889లో రాసిన గ్రంథానికి డార్వినిజం అనే పేరు పెట్టారు. మానవుని మేధస్సును ప్రకృతి వరణం ఒక్కటే వివరించలేదన్న విషయంలో మాత్రం డార్విన్‌తో విభేదించారు. అయినా స్నేహం చెడలేదు. స్థిరమైన ఉద్యోగం లేని వాలెస్‌కు 1881లో ప్రభుత్వ పింఛను లభించడానికి డార్విన్ చేసిన ప్రయత్నమే ముఖ్య కారణం. మరుసటి ఏడాది డార్విన్ శవపేటికను మోసినవారిలో వాలెస్ ఒకరు. 1913 నవంబర్ 7న, 90 ఏళ్ల వయసులో ఆయన కన్నుమూశారు.