రూజ్వెల్ట్ ‘న్యూడీల్’లో పొలం కూలీకి దక్కిందేమిటి?

1929 అక్టోబరులో న్యూయార్క్ షేర్ మార్కెట్ కుప్పకూలింది. అక్కడ మొదలైన ఆర్థిక సంక్షోభం నాలుగేళ్లలో అమెరికా ప్రజల నడుం విరిచింది. 1933 నాటికి పనిచేసే ప్రతి నలుగురిలో ఒకరికి పని లేదు. వేలకొద్దీ బ్యాంకులు మూతపడ్డాయి, పేదలు దాచుకున్న డబ్బు వాటితోపాటే పోయింది. 1929లో పౌను పత్తి సుమారు 17 సెంట్లు పలికితే, 1932లో 6 సెంట్ల దగ్గరికి పడిపోయింది. ఒకపక్క గోదాముల్లో గోధుమలు, పత్తి మూలుగుతున్నాయి. ఇంకోపక్క పట్నాల్లో జనం ఉచితంగా పోసే గంజి కోసం బారులు తీరారు. సరుకు ఎక్కువైనందుకు ఆకలి పెరగడం! పెట్టుబడిదారీ సంక్షోభం అంటే ఇదే.

అలాంటి సమయంలో దేశాధ్యక్షుడైనవాడు ఫ్రాంక్లిన్ రూజ్వెల్ట్. ఆయన తెచ్చిన సంస్కరణలన్నిటినీ కలిపి ‘న్యూడీల్’ అన్నారు. పేకముక్కలు కలిపి మళ్లీ కొత్తగా పంచడం అన్నమాట. మరి ఆ కొత్త పంపకంలో పొలం కూలీ చేతికి ఏ ముక్క వచ్చింది? ఆయన జీవితాన్ని మనం చూడవలసింది ఈ ప్రశ్నతోనే.

రూజ్వెల్ట్ 1882 జనవరి 30న న్యూయార్క్ రాష్ట్రంలో, హడ్సన్ నది ఒడ్డునున్న హైడ్ పార్క్‌లో పుట్టాడు. తరతరాల ఆస్తిపరుల కుటుంబం. తల్లికి ఒక్కడే కొడుకు. చిన్నప్పుడు పంతుళ్లు ఇంటికొచ్చి చదువు చెప్పారు. తర్వాత హార్వర్డ్‌లో చదివాడు, న్యాయశాస్త్రం కూడా చదివాడు. 1910లో రాష్ట్ర సెనేట్‌కు ఎన్నికయ్యాడు. 1913 నుంచి 1920 దాకా నౌకాదళ శాఖలో సహాయ కార్యదర్శి. 1920లో ఉపాధ్యక్ష పదవికి పోటీచేసి ఓడిపోయాడు. అప్పటిదాకా ఆయన జీవితం కలవారి బిడ్డల జీవితం లాగే సాగింది.

1921 ఆగస్టులో, 39 ఏళ్ల వయసులో, పోలియో సోకింది. రెండు కాళ్లూ చచ్చుబడ్డాయి. ఇనుప పట్టీలు కట్టుకుని, మనిషి ఆసరా లేనిదే నిలబడలేని స్థితి. చికిత్స కోసం 1924 నుంచి దక్షిణాన జార్జియా రాష్ట్రంలోని వార్మ్ స్ప్రింగ్స్ అనే వేడినీటి బుగ్గల ఊరికి పోతూ వచ్చాడు. ఆ చుట్టుపక్కల పత్తి పల్లెల్లో కారు నడుపుకుంటూ తిరిగాడు. సారం పోయిన నేలలు, అప్పుల్లో పుట్టి అప్పుల్లో పోయే కుటుంబాలు, దీపం లేని ఇళ్లు కళ్లారా చూశాడు. చూశాడు గనకనే ఆయన చేసినదాన్నీ, చేయనిదాన్నీ మనం లెక్క అడగాలి.

1928లో న్యూయార్క్ గవర్నర్‌గా గెలిచాడు. సంక్షోభం ముదిరిన 1931లో నిరుద్యోగుల సహాయానికి రాష్ట్రం తరఫున ఒక సంస్థ పెట్టాడు. దాని బాధ్యత చూసిన హ్యారీ హాప్కిన్స్‌నే తర్వాత కేంద్రానికీ తీసుకుపోయాడు. 1932 ఎన్నికల్లో 48 రాష్ట్రాల్లో 42 రూజ్వెల్ట్ వైపు నిలిచాయి.

అయితే ఆయన మనసు మంచిది కాబట్టి సంస్కరణలు వచ్చాయనుకుంటే పొరపాటు. దేశం అప్పటికే కుతకుతలాడుతోంది. 1932 వేసవిలో మొదటి ప్రపంచ యుద్ధం చేసొచ్చిన మాజీ సైనికులు తమకు రావలసిన బోనస్ కోసం రాజధానిలో గుడిసెలు వేసుకున్నారు. అప్పటి అధ్యక్షుడు హూవర్ ప్రభుత్వం సైన్యాన్ని పంపి వాళ్లను తరిమింది, గుడిసెలు తగలబడ్డాయి. అయోవా రాష్ట్రంలో రైతులు రోడ్లకు అడ్డం కూర్చుని, గిట్టుబాటు ధర లేని పాలను నేలపాలు చేశారు. అప్పుకింద జప్తయిన పొలం వేలానికి వస్తే ఇరుగుపొరుగు రైతులంతా కట్టగట్టుకుని పోయేవాళ్లు. బయటివాణ్ణి పాట పాడనిచ్చేవాళ్లు కాదు. నాలుగు సెంట్లకు తామే పాడి, ఆస్తిని తిరిగి ఆ రైతుకే ఇచ్చేసేవాళ్లు. 1933 ఏప్రిల్ చివర్లో ఇదే రాష్ట్రంలోని లెమార్స్‌లో, జప్తు ఉత్తర్వులిచ్చే జడ్జిని కోర్టులోంచి బయటికీడ్చి మెడకు తాడు కూడా వేశారు. ప్రాణం తీయలేదు, కానీ ఆ కబురు రాజధానికి చేరింది. మే 12న వ్యవసాయ సర్దుబాటు చట్టం వచ్చింది. తనఖా అప్పుల భారం తగ్గించే ఏర్పాటు కూడా అందులోనే ఉంది.

1933 మార్చి 4న అధికారం చేపట్టిన రూజ్వెల్ట్ మొదటి వంద రోజుల్లో చట్టం మీద చట్టం తెచ్చాడు. బ్యాంకులన్నీ మూసి, తనిఖీ చేసి, గట్టివి మళ్లీ తెరిపించాడు. రాష్ట్రాలకు సహాయం కింద 50 కోట్ల డాలర్లు ఇప్పించాడు. ఆ చలికాలంలో సుమారు 40 లక్షల మందికి ప్రభుత్వమే పని చూపించింది. 1935లో మొదలైన పనుల పథకం కింద 1943 దాకా సుమారు 85 లక్షల మంది రోడ్లు, బడులు, వంతెనలు కట్టారు. పల్లెల్లో పదింట ఒక ఇంటికి మాత్రమే కరెంటున్న రోజుల్లో, రైతుల సహకార సంఘాలకు అప్పులిచ్చి తీగలు లాగించాడు. ఇవన్నీ నిజంగా జరిగిన పనులే, కాదనడం న్యాయం కాదు.

ఇక పొలం దగ్గరికి వద్దాం. ధర పడింది కాబట్టి పంట తగ్గించాలి, పంట తగ్గించిన రైతుకు ప్రభుత్వం డబ్బివ్వాలి అన్నది ఆ వ్యవసాయ చట్టం సారం. 1933లో చట్టం వచ్చేసరికే పత్తి మొలిచి ఉంది. దాంతో సుమారు కోటి ఎకరాల పత్తిని దున్నేయించారు. ఆకలితో అలమటించే దేశంలో 60 లక్షల పందిపిల్లల్ని చంపించారు. ధర పెరిగిన మాట నిజం. మరి దున్నేసిన చేలో పనిచేసేవాడి గతేమిటి?

దక్షిణాది పత్తి నేలల్లో ఎక్కువమంది సాగుదార్లకు సెంటు భూమి లేదు. కంచర గాడిద, నాగలి, విత్తనం భూస్వామివి. కష్టం కుటుంబమంతటిదీ. పంటలో సగం వాళ్లది, అందులోంచి మళ్లీ భూస్వామి కొట్లో బాకీ కోత. 1934, 35 సంవత్సరాల పత్తి ఒప్పందం ఎలా ఉందో చూడండి. పండించకుండా వదిలిన ప్రతి పౌను పత్తికీ ప్రభుత్వం నాలుగున్నర సెంట్లు ఇచ్చింది. అందులో నాలుగు సెంట్లు భూస్వామికి. అరసెంటు సగపాలు సాగుదారుకి. ఆ అరసెంటు కూడా భూస్వామి చేతుల మీదుగానే రావాలి. సాగుదార్లను తీసేయకూడదని ఒప్పందంలో రాశారు గానీ, సాధ్యమైనంత వరకు అని ఒక మెలిక పెట్టారు. ఆ ఒక్క మాట చాటున వేల కుటుంబాలు రోడ్డున పడ్డాయి. ప్రభుత్వ సొమ్ముతో భూస్వామి ట్రాక్టరు కొన్నాడు, నిన్నటి పాలుదారును రోజుకూలీగా మార్చాడు.

దీన్నెదిరించి 1934 జూలైలో ఆర్కాన్సా రాష్ట్రం టైరోంజా దగ్గర 18 మంది కూర్చుని దక్షిణాది కౌలుదార్ల సంఘం పెట్టుకున్నారు. 11 మంది తెల్లవాళ్లు, ఏడుగురు నల్లవాళ్లు. నల్లవాడి పక్కన తెల్లవాడు కూర్చోవడమే నేరంగా చూసే గడ్డమీద వాళ్లు ఒకే సంఘంలో చేరారు. సభల మీద దాడులు జరిగాయి. రాత్రిళ్లు ఇళ్ల మీద కాల్పులు జరిగాయి. అయినా చెదరలేదు. 1935లో పత్తి తీత సమ్మె చేసి, వంద పౌన్లకు డాలరు కూలి అడిగి, చాలాచోట్ల 75 సెంట్ల దాకా పెంచుకున్నారు.

ఆ ఏడాది ఫిబ్రవరిలో వ్యవసాయ శాఖలోని కొందరు లాయర్లు, ఉన్న సాగుదార్లను భూస్వాములు తీసేయడానికి వీల్లేదని ఒప్పందానికి అర్థం చెప్పారు. ఫలితం? ఆ లాయర్లకే ఉద్యోగాలు పోయాయి. వ్యవసాయ మంత్రి హెన్రీ వాలెస్ భూస్వాముల ఒత్తిడికి తలొగ్గాడు, రూజ్వెల్ట్ అడ్డుపడలేదు. ఎందుకని? ఆయన బిల్లులు గట్టెక్కాలంటే దక్షిణాది సెనేటర్ల ఓట్లు కావాలి. సెనేట్‌లో ఆయన పార్టీ నాయకుడు జోసెఫ్ రాబిన్సన్‌ది ఆర్కాన్సాయే. తలపన్ను కట్టలేని పేదకు అక్కడ ఓటే లేదు. ఓటు లేనివాడి గోడు సెనేటర్‌కు ఎందుకు?

1935 చట్టాల్లో ఇది ఇంకా తేటతెల్లమైంది. యూనియన్ పెట్టుకునే హక్కుకు చట్టం వచ్చింది. వృద్ధాప్య పింఛనుకు, నిరుద్యోగ భృతికి చట్టం వచ్చింది. 1938లో గంటకు 25 సెంట్ల కనీస వేతన చట్టం వచ్చింది. కార్మికుడంటే ఎవరు అని చెప్పే దగ్గర, ఈ మూడింటిలోనూ పొలం కూలీని పక్కకు తప్పించారు. పింఛను చట్టాలలో ఇంటి పనివాళ్లదీ అదే గతి. నల్లజాతి శ్రామికుల్లో ఎక్కువమంది చేసేవి ఈ రెండు పనులే. ఊరూరా చెదిరిన కూలీల నుంచి చందా వసూలు కష్టమని అధికారులు సాకు చెప్పారు. వసూలు కష్టమైతే పింఛను ఆగింది సరే, యూనియన్ హక్కుకు అడ్డొచ్చిందేమిటి?

గొడవ పెరిగాక కొంత కదిలారు. 1935లో పునరావాస సంస్థ, 1937లో కౌలుదార్లు భూమి కొనుక్కోవడానికి అప్పుల చట్టం వచ్చాయి. వలస కూలీలకు కొన్ని శిబిరాలు కట్టారు. అవసరం కొండంత, సాయం గోరంత. 1939 జనవరి చలిలో మిస్సోరి రాష్ట్రంలో వెయ్యిమందికి పైగా గెంటివేతకు గురైన సాగుదార్లు పిల్లాజెల్లాతో రహదారి పక్కన మకాం వేసి, తమ బతుకు దేశానికి చూపించారు.

1937లో బడ్జెట్ లోటు తగ్గించాలని రూజ్వెల్ట్ పనుల ఖర్చు కోసేసరికి నిరుద్యోగం మళ్లీ పెరిగింది. అందరికీ పని దొరికింది యుద్ధం వచ్చాకనే. నాలుగుసార్లు అధ్యక్షుడిగా గెలిచిన ఆయన, 1945 ఏప్రిల్ 12న వార్మ్ స్ప్రింగ్స్‌లోనే, తాను పేదరికాన్ని దగ్గరగా చూసిన ఆ ఊళ్లోనే, 63వ ఏట చనిపోయాడు.

ఆయన వదిలేసిన బాకీ చాలాకాలం నడిచింది. పింఛను చట్టం నిలకడగా పనిచేసే పొలం కూలీలకు వర్తించింది 1950 సవరణతో. కనీస వేతనం పెద్ద కమతాల కూలీలకు వచ్చింది 1966 సవరణతో. యూనియన్ హక్కు అక్కడి జాతీయ చట్టంలో వాళ్లకు నేటికీ లేదు. 1965లో ద్రాక్షతోటల సమ్మెతో మొదలై పదేళ్లు పోరాడాక, కాలిఫోర్నియా కూలీలు 1975లో తమ రాష్ట్రం మటుకు చట్టం తెచ్చుకున్నారు.

రూజ్వెల్ట్‌ను దేవుణ్ణి చేయనక్కర్లేదు, దొంగ అననక్కర్లేదు. ఒత్తిడి ఎటునుంచి వచ్చిందో అటు ఆయన చట్టం వంగింది. పొలమున్న రైతులు వేలంపాటలు ఆపారు, వాళ్లకు చట్టం వచ్చింది. ఫ్యాక్టరీ కార్మికులు సమ్మెలు చేశారు, వాళ్లకు హక్కు వచ్చింది. పొలం కూలీ సంఘం ఆలస్యంగా పుట్టింది, చిన్నదిగా ఉంది, కాబట్టి అతని పేరు కొట్టేయడం తేలికైంది. కాబట్టి సోదరులారా, సోదరీమణులారా, ఏ ప్రభుత్వం ఏ పథకం ప్రకటించినా మొత్తం ఎన్ని కోట్లని చూసి మురిసిపోవద్దు. అర్హుడెవరని రాశారో చదివించుకుని వినండి. డబ్బు ఎవరి చేతుల మీదుగా వస్తుందో అడగండి. సాధ్యమైనంత వరకు అనే మాట ఎక్కడ దూరిందో వెతకండి. సంఘంలో కూర్చుని ఆ పని చేయండి, ఒంటరిగా అడిగితే వినేవాడుండడు.